బొమ్మక్క వంతు

విరుదునగరం రామ్‌కుమార్ పెట్టిన ఫోను గ్రూపులో ఎవరూ ఒక్క ముక్క టైపు చేయరు. చేయలేరు కూడా. అందులో ఉన్నవాళ్లందరి ఇంటి భాషా తెలుగే, కానీ చదువు తమిళంలో, ఉద్యోగం ఇంగ్లీషులో. తిరుపతి బస్సు మీద తెలుగు అక్షరం కనిపిస్తే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునే రకం. అందుకని గ్రూపంతా గొంతులే. ఏ ఫోనుకు బ్యాటరీ నిలుస్తుంది, ఏ ఆట దండగ, ఏ పుస్తకం పట్టుకుంటే పొయ్యి మీద అన్నం మాడుతుంది, అన్నీ నోటితో చెప్పుకోవడమే.

ఫోన్ల సంగతి రామ్‌కుమార్‌ది, అతనికి మొబైల్ షాపుంది. ఆటలు కార్తివి. శివకాశిలో అచ్చాఫీసు పని అయ్యాక అతనికి ప్రపంచంలో ఉన్నది ఒక్కటే, ఫోనులో కోటలు కట్టడం, ఎదుటివాడి కోట కూల్చడం. శ్రీవిల్లిపుత్తూరు జోతి టీచరు పుస్తకాల మనిషి. ఇక నీళ్లలో మునగడం అనే నాలుగో శాఖకు తిరుగులేని పెద్ద బొమ్మక్క.

బొమ్మక్కది కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పల్లె. నలభై ఎనిమిదేళ్ల మనిషి. మినుములు, మొక్కజొన్న, ఇంట్లో రెండు గేదెలు, నోట్లో దాచుకోవడం తెలియని నాలుక. ఆమెను గ్రూపులోకి ఈడ్చింది జోతే. మొదటి నెల ఆమె ఉలకలేదు, పలకలేదు. ఒకరోజు రామ్‌కుమార్ తూత్తుకుడిలో సముద్రంలో దిగడం నేర్చుకోబోయి చెవినొప్పితో తిరిగొచ్చాడు. పెద్ద డాక్టరును చూడాలా, మందేదైనా ఉందా అని గ్రూపులో మూలిగాడు. అప్పుడు మొదటిసారి ఆ గొంతు లేచింది.

"ఏం తమ్ముడా, సుమ్మ ఊరికే కిందికి పొయ్యినావా? ముక్కు పట్టుకోని లోపల్లోపలే గాలి ఊదల్ల. చెవిలో టప్ అంటాది. అనకపోతే పైకి వచ్చేయల్ల. రోసానికి ఇంకా దిగినావంటే చెవి పోతాది, రోసం మాత్రం మిగల్తాది. ఇంకొకటి, ఒంటిగా ఎప్పుడూ దిగొద్దు. గట్టు మీద ఒక మనిషి ఉండల్ల."

రామ్‌కుమార్ తరవాతి వారం టప్ అనిపించుకుని వచ్చాడు. ఆ రోజు నుంచి బొమ్మక్క మాటకు గ్రూపులో ఎదురు లేదు. బదులుగా ఆమెకూ ముట్టింది. నీళ్లలో తడవని చిన్న కెమెరా ఒకటి, ఎవరో వాడి వదిలేసింది, రామ్‌కుమార్ చూసి పంపాడు. కోట మీదికి శత్రువు వచ్చినప్పుడు షీల్డు ఎలా వేసుకోవాలో కార్తి నేర్పాడు. జోతి పుస్తకాలు చదివి గొంతులో పంపేది, బొమ్మక్క చెవిలో పెట్టుకుని కలుపు తీసేది. కథలో ఎవరైనా అన్యాయంగా చస్తే ఆ సాలులో కలుపుతో పాటు రెండు మినుపమొక్కలు కూడా ఊడొచ్చేవి.

ఇంతకీ ఆమె మునిగేది ఏ సముద్రంలోనో కాదు. పొలం మధ్య బావిలో. నలుచదరంగా రాతికట్టు, ఒక పక్క మెట్లు, మిగతా మూడు పక్కలా నిట్టనిలువు గోడ. ఆ బావి నాలుగిళ్ల దాయాదులది, అందరూ ఒకే తాత బిడ్డలు. ఒక్కో రోజు ఒక్కో ఇంటి వంతు. వంతు వచ్చిన రోజు బావి ఆ ఇంటిదే, మిగతావాళ్లు అడగకుండా చెంబు కూడా ముంచరు. వెనకటి రోజుల్లో వంతు తప్పినందుకు గొడ్డళ్లు లేచిన కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. బోరు పడ్డాక ఎవరికీ ఆ బావితో పని లేకపోయింది. వంతులు మాత్రం వాటి దారిన అవి నడుస్తూనే ఉన్నాయి. ఎవరూ లెక్కపెట్టకపోయినా బొమ్మక్క పెట్టేది. మగపిల్లలు లేని తండ్రికి ఒక్కతే కూతురు, తండ్రి వంతు ఆమెకు వచ్చింది. ఆ వంతు రోజున ఆమె బావిలో దిగేది.

ఆడవాళ్లు బావిలో దిగకూడదని వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. దిగితే కులదేవత జక్కమ్మకు కోపమొచ్చి నీళ్లు ఎండిపోతాయట. బొమ్మక్క తండ్రి ఆ మాట విని నవ్వి, పదేళ్ల కూతుర్ని వీపు మీద వేసుకుని దూకాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఆమె మునిగి అడుగుకు పోయినప్పుడు, ఆ పచ్చటి చల్లదనంలో పైలోకం గోలంతా ఆగిపోయినప్పుడు, తండ్రి వీపు గుర్తొస్తుంది. ఆమెకు ఆ బావి అంటే ప్రాణం. తన ఒళ్లు ఎవరి అనుమతీ అడగని చోటు భూమ్మీద అదొక్కటే.

రెండేళ్లుగా ఆమె వెంట నలుగురు ఆడపిల్లలు కూడా దిగుతున్నారు. అందరిలో ముందు నేర్చింది శాంతిప్రియ, దాయాదుల్లో పెద్దరికం చేసే దామోదరసామి కూతురు, కోవిల్‌పట్టి కాలేజీలో చదువుతోంది. బొమ్మక్క అత్త చేనులో కలుపుకు పోతున్నానని ఇంట్లో చెబుతుంది, తడిజడతో తిరిగొస్తుంది. పంపుసెట్టు తొట్టిలో స్నానం చేశానంటే తండ్రి నమ్ముతాడు. ఊళ్లో ఆడవాళ్లందరికీ అసలు సంగతి తెలుసు. తెలిసినా నోరెత్తరు. ఎత్తనంత కాలం అది జరగనట్టే లెక్క.

ఎత్తింది బొమ్మక్కే.

నీళ్లలో కళ్లద్దాలు ఏవి మంచివని గ్రూపులో ఎవరో అడిగారు. మాటలతో ఏం చెబుతాం, చూపిద్దామనుకుని ఆమె కెమెరా పట్టుకుని దిగింది. పిల్లల మొహాలు పడకుండా జాగ్రత్తపడింది, పాదాలే కనిపిస్తాయి. పైకి వచ్చాక మెట్ల మీద కూర్చుని, ఆయాసం తీరక ముందే మాట్లాడేసింది.

"ఇదోండి, మా బాయి. అడుగు రాయి కూడా తెలస్తాది చూడండి. మా దామోదరన్న ఉండాడే, అరవై ఏండ్లొచ్చినా మోకాలికి పైన నీళ్లు చూసింది లేదు. గట్టున కూచోని, ఆడోళ్లు దిగితే నీళ్లు ఎండిపోతాయి అంటాడు. పదేండ్లప్పటి నించి దిగతాండా, ఎండినాయా? ఎండింది ఆయన తల మీద జుట్టే!"

ఇక్కడ మనవాళ్లకు తరతరాల జబ్బు ఒకటుంది. బజారులో తమిళం, ఇంట్లో తెలుగు. అందుకని రహస్యం ఏదైనా ఉంటే బస్సులో, కొట్టులో, ఆస్పత్రి వరండాలో ఠపీమని తెలుగులోకి దిగిపోతారు. ఎదురుగా కూర్చున్న మనిషి ముక్కు గురించి అతని ముందే మాట్లాడుకుని హాయిగా నవ్వుకుంటారు. తెలుగులో అన్న మాట ఎవరి చెవినా పడదని వాళ్ల గట్టి నమ్మకం. బొమ్మక్కా అలాగే నమ్మింది. ఊరంతటి చెవిన పడకపోవచ్చు గాని, తెలుగు అర్థమయ్యే నాలుగు చెవులూ చుట్టాలవే అన్న సంగతి ఆమెకు తట్టలేదు. గ్రూపులోంచి ఆ వీడియో జోతి మేనత్తకు, ఆవిడ దగ్గర్నించి వియ్యపురాలికి, అక్కణ్నించి ఎవరెవరికో పోయి, దీపాలు పెట్టేవేళకు దామోదరసామి ఫోనులో దిగింది.

మర్నాడు పొద్దున ఆయన తన ఇంటి అరుగు మీద నాలుగిళ్ల పెద్దల్నీ కూర్చోబెట్టాడు. బొమ్మక్కనూ, ఆమె భర్త చౌడయ్యనూ పిలిపించాడు. వీడియో పెద్ద సౌండుతో పెట్టాడు. జుట్టు మాట దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కిసుక్కు లేకపోతే తిట్లతో పోయేదేమో. అది వినపడ్డాక దామోదరసామి మొహం కందగడ్డయింది.

"బోరుండాది. ఈ పాడుబాయి ఎవరికి కావల్ల?" అన్నాడు. "రేపు ఏ బిడ్డో పడి చస్తే ఎవరు బదులు చెప్పేది? పూడ్చేస్తాం. క్వారీ నించి రాళ్లు నేను తెప్పిస్తా."

"ఇంతకాలం పడి చావని బిడ్డ, నీ జుట్టు మాట రాంగానే పడి చస్తాదా అన్నా?" అంది బొమ్మక్క.

"చూసినారా నోరు! జక్కమ్మకి బయం లేదు, పెద్దోళ్లకి బయం లేదు."

"జక్కమ్మా ఆడదే గదన్నా. నీళ్లలో దిగతే ఆయమ్మకేం కోపం? కోపం నీది. ఆయమ్మ మీదకి ఏమిటికి తోస్తావు?"

మిగతా రెండిళ్ల వాళ్లు దామోదరసామి వైపే తలాడించారు. మూడిళ్ల మాట ఒకటైతే నాలుగో ఇల్లు కట్టుబడాలి. వచ్చే బుధవారం ట్రాక్టరు రావాలని తేల్చారు. చౌడయ్య ఇల్లరికపు అల్లుడు, ఆ అరుగు మీద నోరు విప్పే హక్కు తనకు లేదని పెళ్లినాడే అర్థం చేసుకున్నవాడు. తల వంచుకుని భార్య వెనక నడిచాడు. ఆడపిల్లలతో కలిసి తలుపు చాటున నిలబడ్డ శాంతిప్రియ పెదవి కొరుక్కుంటూ ఉండడం బొమ్మక్క చూసింది.

ఆ సాయంత్రం గ్రూపు నిండా సలహాలే.

రామ్‌కుమార్ అన్నాడు: "అక్కా, నా మాట విను. ఆ వీడియో తీసెయ్. అన్నకి ఒక సారీ చెప్పు. ఈత కొట్టల్లంటే విరుదునగరంలో కొలను ఉండాది, ఆడోళ్లకి వేరే టయిము కూడా. నేను మాట్లాడతా."

"తమ్ముడా, ఫోను చెడిపోతే పారేసి కొత్తది కొనుక్కో అని చెప్పే నోరు నీది. ఇది మా నాయన బాయి. షాపులో ఇంకొకటి దొరకదు. వీడియో తీసేసేది లేదు. సారీ కూడా లేదు. జుట్టు నిజంగానే లేదు గదా!"

తన మేనత్త వల్లే ఇదంతా అని జోతి బాధ. "నేను చదివిన కతల్లో అంతా, ఒకసారి తల వంచినోళ్లని తరవాత అద్యాయంలో నడుము కూడా వంచమంటారు అక్కా. వంచొద్దు" అంది.

కార్తికి ఇవన్నీ అక్కర్లేదు. "అక్కా, వాళ్లు ముగ్గురు, నువ్వు ఒకతివి. ఎదురుదాడి వేస్ట్. షీల్డు ఏదన్నా ఉండాదా చూసుకో. షీల్డు ఉన్నంతసేపు కోటని ఎవడూ ముట్టలేడు" అన్నాడు.

బొమ్మక్క ఫోను పక్కన పడేసి గేదెకు గడ్డి వేయబోయింది. గడ్డిమోపు చేతిలో ఉండగానే వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది. బుధవారం ఎవరి వంతు? లెక్క తేలాక గడ్డంతా ఒకే గేదెకు వేసేసి పగలబడి నవ్వింది. దామోదరసామి వంతులు మరిచిపోయి ఎన్నేళ్లయిందో! ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, చౌడయ్యకు తప్ప.

బుధవారం పొద్దున ట్రాక్టరు రాళ్లతో బావి గట్టుకు వెనక్కి వచ్చి ఆగింది. చుట్టూ ఊరు. నీళ్ల మధ్యలో బొమ్మక్క, చీర గోచీ పోసి కట్టి, తాపీగా తేలుతోంది. కింది మెట్టు మీద చౌడయ్య తాడు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏయ్, పైకి రా!" అని అరిచాడు దామోదరసామి.

"ఈ పొద్దు ఎవరి వంతు అన్నా?"

"ఏం వంతు? ఎవరు ఇప్పుడు వంతు చూసేది?"

"నువ్వు చూడకపోతే వంతు పోతాదా? తిరుమలసామి చిన్నాయన్ని అడుగు."

తిరుమలసామి నాలుగిళ్లలోనూ వయసులో పెద్ద. మొన్న దామోదరసామి వైపు తలాడించిన వాళ్లలో ఆయనా ఒకడు. అయినా ఆ తరం మనిషికి వంతంటే మాటలు కాదు. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ లెక్కవేశాడు. "బొమ్మి వంతే రా దామోదరా," అన్నాడు. "ఇంకొకరి వంతులో చెంబు ముంచినా తప్పు. రాళ్లు ఎట్ల వేస్తావు?"

జనంలో గుసగుస బయల్దేరింది. దామోదరసామి ఒక చేత్తో నుదురు తుడుచుకున్నాడు. తాతల కాలం కట్టుబాటును నిన్నటిదాకా తానే నెత్తిన మోశాడు. ఇప్పుడు అందరి ముందర దాన్ని కాదనడం ఎలా?

"సరి, ఈ పొద్దు బొమ్మి వంతు. ఒప్పుకున్నా" అన్నాడు గట్టిగా. బొమ్మక్క మొహంలో వెలుగు రాబోయింది. ఆయన ఇంకా ముగించలేదు. "రేపు నా వంతు. రేపు ఇది నా బాయి. నా వంతులో నేను ఏం చేసినా అడిగేవాడు లేడు. రేపు నువ్వు ఈ గట్టు దిగినావంటే వంతు తప్పినట్టు, నీ వంతు అంతటితో సరి."

"అట్లయితే నీ వంతు నీళ్లు ఏవో ఎత్తి చూపించు, వాటి మీద పోసుకో నీ రాళ్లు!"

"బొమ్మీ," అన్నాడు తిరుమలసామి, "మాట మార్చొద్దు. వంతంటే వంతే."

ట్రాక్టరు అక్కడే నిలిపి అందరూ వెళ్లిపోయారు. బొమ్మక్క నీళ్లలోనే ఉండిపోయింది. తన కత్తిని తానే పిడివైపు తిప్పి ఆయన చేతికిచ్చింది. చౌడయ్య తాడు చుట్టుకుంటూ, "రా, చలి పడతాది" అన్నాడు. ఆమె రాలేదు. అడుగుకు వెళ్లింది, ఊపిరి ఉన్నంతసేపు ఉంది, పైకి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఇదే ఆఖరేమో అన్న భయం ఆమెకు జీవితంలో మొదటిసారి ఆ నీళ్లలో వేసింది.

గురువారం ఆమె గట్టుకు ఇవతలే నిలబడింది. దిగితే తండ్రి వంతు పోతుంది. దిగకపోతే తండ్రి బావి పోతుంది. చేతిలో ఫోను వెలుగుతోంది, గ్రూపంతా అటువైపు చెవులు రిక్కించి వింటోంది. ఈసారి ఎవరి దగ్గరా సలహా లేదు. డ్రైవరు ట్రాక్టరు స్టార్టు చేశాడు. దామోదరసామి చెయ్యెత్తాడు.

అప్పుడు ఆయన ఇంటి వైపు నుంచి శాంతిప్రియ వచ్చింది. కాలేజీలో ఆటలకు వేసుకునే ప్యాంటు, చొక్కా. జడ ముడేసి ఉంది. ఎవరి వైపూ చూడలేదు. ట్రాక్టరు పక్కనించి నడిచి గట్టు ఎక్కి, రెండు చేతులూ తలపైకి జోడించి దూకింది. నీళ్లు పెద్దగా చిందనైనా లేదు. చాలాసేపు ఏమీ లేదు. దామోదరసామి గుండె మీద చెయ్యి వేసుకుని, "పాపా!" అని కేక పెట్టాడు. ఆ పిల్ల బావి అటుకొసన తేలి, మొహం తుడుచుకుంది.

"నాయనా, ఈ పొద్దు మన వంతు. మన వంతులో నేను దిగినా" అంది. "ఎవరు అడిగేది?"

అంత బాగా ఈత ఎక్కడ నేర్చిందని ఎవరూ అడగలేదు. దామోదరసామి గట్టు అంచుకు వచ్చాడు.

"ఆడపిల్లకి వంతేమే?"

"అత్త ఆడపిల్ల కాదా? అత్తకి తాత వంతు వచ్చింది. వంతు ఉండాదని నిన్న నువ్వే ఒప్పుకున్నావు, ఇంతమంది ముందర. నీ వంతులో నాకు మాత్రం బాగం లేదా?"

తిరుమలసామి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఎంత లెక్కవేసినా ఆ పిల్ల మాటలో తప్పు దొరకలేదు. ఆయన పక్కనే నిలబడ్డ మనవరాలు పంచె కొంగు పట్టి లాగి, "తాతా, మన వంతు ఎల్లుండా?" అంది. ఆ పిల్ల అప్పటికే ఓణీ నడుముకు బిగించి కట్టుకుని ఉంది.

"పైకి రాయే!" దామోదరసామి గొంతు చీరుకుపోయింది. "నలుగురిలో నా మానం తీస్తాండావు!"

"నువ్వు దిగి తీసకపో, నాయనా."

ఆయన నిజంగానే మెట్లు దిగాడు. ఒక మెట్టు, ఇంకో మెట్టు. చల్లటి నీళ్లు పాదాలకు తగలగానే గోడ పట్టుకున్నాడు. అక్కణ్నించి కదలలేదు. తల తిప్పి గట్టు పక్కన ఉన్న బొమ్మక్కను చూశాడు. ఆమె నోరు తెరవబోతోందని ఆయనకు తెలిసిపోయింది.

"నువ్వు మాట్లాడొద్దు! ఈ పొద్దు నీ వంతు కాదు!"

"బాయికే గదన్నా వంతు," అంది బొమ్మక్క, "సలహాకి ఏం వంతు?" గట్టు రాయికి కాలి వేళ్లు ఆనించి, ఒక్క అంగుళం దాటకుండా, ముందుకు వంగి గొంతెత్తింది. "పాపా! కాళ్లు ఆడించి అలిసిపోవద్దు. వెల్లకిలా పండుకో. గాలి మెల్లగా పీల్చు. తల వెనక్కి వాల్చి చెవులు రెండూ నీళ్లలో మునగనీ. ఈ అరుపులు వినపడవు. నేను ఈడనే ఉండా."

శాంతిప్రియ తల వెనక్కి వాల్చింది. చెవులు మునిగాయి. మెట్టు మీంచి తండ్రి ఇంకా ఏదో అంటున్నాడు, ఆ పిల్ల ఆకాశం వైపు చూస్తూ తేలుతోంది. ట్రాక్టరు డ్రైవరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంజను ఆపేసి, కిందికి దిగి బీడీ వెలిగించుకున్నాడు.